ఖాళీ తూటాలు ఇంట్లో మళ్ళీ నింపుకోవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
(ఈ వారం జవాబులు: నల్లగొండలో ఉంటున్న రిటైర్డ్ పోలీసు ఆర్మోరర్, అంటే తుపాకులు చూసుకునే, బాగుచేసే ఉద్యోగి)

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయిన పేరు మీద 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకికి లైసెన్స్ ఉంది. ఆరెకరాల పల్లి చేను, పంట చేతికొచ్చే టైముకు అడవి పందులు తవ్విపోస్తున్నాయి. తూటాల ధర మాకు భారమవుతోంది. టెక్సాస్‌లో ఉండే మా బామ్మర్ది ఖాళీ తూటాలను ఇంట్లోనే మళ్ళీ నింపుకుంటాడు. దసరాకు వచ్చేటప్పుడు చిన్న మిషన్ తెస్తానంటున్నాడు. తూటాలో వేసే మందు (గన్‌పౌడర్), ఛర్రాలు (చిన్న గుండ్లు) ఇక్కడ తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతాయి? – ఒక యువ రైతు

జవాబు: తమ్ముడూ, మొదట బామ్మర్దికి ఫోన్ చేసి మిషన్ తేవద్దని చెప్పు. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

మన దేశంలో తూటా తయారు చేయాలంటే లైసెన్స్ కావాలి. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్‌లో ఈ మాట ఉంది. నాయినకున్నది తుపాకి ఉంచుకోవడానికి, తూటాలు కొనుక్కోవడానికి ఇచ్చిన లైసెన్స్. దానితో తూటా తయారు చేసే హక్కు రాదు. ఖాళీ డొప్పలో కొత్త క్యాప్ (మందును అంటించే ప్రైమర్), మందు, ఛర్రాలు పెట్టి మూతి మడిస్తే అది తయారీయే. పాతదాన్నే నింపానంటే చెల్లదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ళు, యావజ్జీవం దాకా వేయొచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ చట్టంలో ‘అమ్యూనిషన్’ అనే మాటకు ఇచ్చిన అర్థంలో తూటా విడిభాగాలు, తూటాలు తయారు చేసే యంత్రం కూడా ఉన్నాయి. అంటే ఒక్క గింజ మందు లేకున్నా, ఆ మిషన్ మీ ఇంట్లో ఉండటమే ఇబ్బంది. ప్రైమర్లు, గన్‌పౌడర్ అయితే విమానంలో చేతి బ్యాగులోనూ పెట్టనీయరు, లగేజీలోనూ పెట్టనీయరు. సూట్‌కేసు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా దొరికి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పోలీసు స్టేషన్‌కు పోయినవాళ్ళున్నారు. పండక్కి వచ్చే పిల్లగాణ్ణి అందులో ఇరికించవద్దు.

చట్టం పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. సర్వీసులో ఉండగా చందంపేట వైపు నుంచి ఒక పెద్దమనిషి తుపాకిని తనిఖీకి తెచ్చారు. కుడి గొట్టం, ముందు చెయ్యి పట్టుకునే చోట, కప్పను మింగిన పాములా ఉబ్బి ఉంది. ఆయన ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. ఎవరో మేస్త్రి నాటు మందు కూరి ఇచ్చిన తూటా అది. లేనివాడేం కాదు, నలభై ఎకరాల ఆసామి. తూటాకు కొన్ని రూపాయలు మిగులుతాయని ఆశపడ్డాడు. ఆ గొట్టాన్ని టేబుల్ మీద పెట్టి చాలాసేపు చూశాను. ఇప్పటికీ అది నా కళ్ళ ముందే ఉంటుంది.

అలా ఎందుకైందో చెప్తాను. మన కారు టైరులో గాలి చదరపు అంగుళానికి ముప్పై పౌండ్ల చిల్లర ఉంటుంది. మామూలు 12 బోర్ తూటాకు అమెరికా వాళ్ళు పెట్టుకున్న గరిష్ఠ హద్దు 11,500 పౌండ్లు. అంత ఒత్తిడి నీ చెంపకు జానెడు దూరంలో పుడుతుంది. ఫ్యాక్టరీలో ప్రతి తూటాకూ మందు ఒక్క లెక్కలో పడుతుంది, ఒత్తిడి కొలిచే పరికరాలుంటాయి. పైగా అన్ని మందులూ ఒక్కటి కావు. చూడ్డానికి ఒకేలా కనిపించే రెండు పొడుల్లో ఒకటి నిదానంగా కాలుతుంది, ఇంకొకటి ఒక్కసారిగా భగ్గుమంటుంది. పేరు తెలియని పొట్లం కొనేవాడికి ఆ తేడా తెలిసే దారి లేదు. మీ నాయిన తుపాకి పాతదైతే ఇంకా భయం.

ఖర్చు తగ్గించుకునే దారి లేకపోలేదు. మీ లైసెన్స్ పుస్తకంలో ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని కొనొచ్చో రాసి ఉంటుంది. లైసెన్సున్న డీలరు దగ్గరే, బిల్లుతో, ఆ ఏడాదికి నిజంగా పనికొచ్చేన్ని మాత్రమే కొనండి. ఎక్కువ కొని వానాకాలం చెమ్మలో పెట్టడం వల్ల పోయిన డబ్బు నేను చాలా చూశాను. పాత కాగితపు తూటాలైతే ఉబ్బి గొట్టంలోకే దిగవు, బలవంతంగా తోస్తారు. అది మహా తప్పు. గాలి చొరబడని డబ్బాలో వేసి, పొయ్యికి దూరంగా, తాళం వేసిన బీరువాలో పెట్టుకోండి. ఇత్తడి అడుగు పచ్చగా చిలుము పట్టినవి కాల్చకుండా డీలరుకో, స్టేషన్‌లోనో అప్పగించండి. 20 బోర్ తూటాను 12 బోర్ తూటాలతో కలిపి ఎప్పుడూ పెట్టొద్దు. 20 బోర్ తూటా సన్నది, 12 బోర్ గొట్టంలోకి జారి ముందుకు పోయి ఇరుక్కుంటుంది, దాని వెనక 12 బోర్ పడితే గొట్టం పగులుతుంది. 20 బోర్ డొప్పలకు పసుపు రంగు వేసేది అందుకే.

అసలు బాధ పందులది కదా. తుపాకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్‌లో, అంటే చట్టం రక్షించే జంతువుల జాబితాలో ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా కొడితే మళ్ళీ కేసే. ఇంకోటి, లైసెన్స్ నాయినది. ఆయన లేనప్పుడు రాత్రి కావలికి నువ్వు తుపాకి పట్టుకుపోవద్దు. ముందు సర్పంచిని, ఫారెస్టు రేంజి ఆఫీసును కలిసి కాగితం పెట్టండి. పంట నష్టం జరిగితే ఫొటోలు తీసి వెంటనే దరఖాస్తు చేయండి. చేను చుట్టూ మూడు నాలుగు వరుసలు కుసుమ వేసి చూడండి, ముళ్ళకు జంకి పంది లోపలికి రావడం తగ్గుతుంది. సోలార్ కంచె ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించడం మాత్రం చేయకండి. పంది కన్నా ముందు నీళ్ళు పెట్టడానికి పోయిన మనిషి చనిపోతాడు. మన జిల్లాల్లో అలా పోయిన ప్రాణాలు తక్కువ కాదు.

ప్రశ్న: మాది వనపర్తి. మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వారం వారం షూటింగ్ రేంజికి పోతాడు. ఈ మధ్య ఇంట్లో తూటాలు తయారు చేస్తున్నానని వీడియో కాల్‌లో చూపించాడు. నాకు నిద్ర పట్టడం లేదు. అది నేరమా? ప్రమాదమా? డబ్బు మిగులుతుందంటాడు, నిజమేనా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, నేరమేమో అన్న టెన్షన్ వదిలేయండి. అమెరికాలో సొంత వాడకానికి చేసుకోవడానికి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లైసెన్స్ అక్కరలేదు, అమ్మడానికి చేస్తేనే కావాలి. అయితే తుపాకి విషయంలో వీసాను బట్టి నిబంధనలు మారతాయి. ఆ సంగతి అబ్బాయి అక్కడి లాయరును అడిగి తేల్చుకోవాలి. ఇది మీరు గట్టిగా చెప్పండి.

డబ్బు మిగులుతుంది, అబద్ధం కాదు. తూటాలో ఖరీదైన భాగం ఇత్తడి డొప్ప, అది చాలాసార్లు పనికొస్తుంది. రేంజిలో తన డొప్పలు తానే ఏరుకుంటే ఆ ఖర్చు పోయినట్టే. మందు, ప్రైమర్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర సరుకని ఆర్డరుకు ఇంత అని అదనపు ఫీజు పడుతుంది, అందుకని స్నేహితులు కలిసి ఒకే ఆర్డరు పెడతారు. మిషన్ సెకండ్‌హ్యాండ్‌ది తీసుకున్నా నష్టం లేదు, ఇనుము కదా. రెండింటిలో మాత్రం పొదుపు వద్దు: మందు తూచే త్రాసు, ఏ తూటాకు ఎంత మందు వేయాలో కొలతలున్న పుస్తకం. ఎవరో వాడిన సీసాలో మిగిలిన మందు ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. సీసా మీది పేరు, లోపలి మందు ఒకటేనని ఎవరు హామీ ఇస్తారు?

ప్రమాదం ఎక్కువగా పరధ్యానంలో ఉంది. పిస్తోలు డొప్పలో ఒకసారి వేసిన మందు మీద రెండోసారి పడ్డా కొన్నింటిలో పైకి తెలియదు. కాబట్టి ఆ పని చేసేటప్పుడు టీవీ, ఫోను ఉండకూడదు. మీరు కూడా ఆ టైములో ఫోన్ చేయకండి. సీసం దుమ్ము చేతులకు అంటుతుంది. సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు, పసిపిల్లలుంటే ఆ గదిలోకి రానీయకూడదు. అక్కడి అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం ఇంట్లో పొగరాని మందు (ఇప్పటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్) 20 పౌండ్లు, అంటే తొమ్మిది కిలోల దాకా, కంపెనీ డబ్బాలోనే ఉంచుకోవచ్చు. అపార్ట్‌మెంటు అయితే యజమాని ఒప్పందంలో ఏముందో చూసుకోవాలి.

ఈసారి వీడియో కాల్‌లో ఆ బల్లను చూపించమనండి. బల్ల మీద ఎన్ని మందు డబ్బాలు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఉండాలి, లేకుంటే ఒక మందు బదులు ఇంకొకటి పడొచ్చు. రెండు కనిపిస్తే అప్పటికప్పుడే మూత పెట్టించండి.