కువైట్‌లో కొట్టు ఎవరి పేరున?

ప్రశ్న: పదకొండేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా ఉన్నాను. ఖాదిం వీసా, అంటే ఇంటి పనివాళ్లకిచ్చేది. కూడబెట్టిన 6,000 దీనార్లతో జలీబ్‌లో చిన్న బకాలా (కిరాణా కొట్టు) పెట్టాలని ఆశ. విదేశీయులకు 100 శాతం వాటా ఇస్తున్నారని ఒక వీడియోలో చూశాను. తెలిసిన కువైటీ ఒకాయన లైసెన్సు తన పేరున తీస్తాడట, నెలకు 150 దీనార్లు ఇస్తే చాలట. దిగమంటారా? మన ఆవకాయ తెప్పిస్తే సుంకం ఎంత పడుతుంది?
– ఒక పాఠకుడు, రాయచోటి

జవాబు: దిగొద్దు. కువైట్‌లోని ఫర్వానియాలో పద్దెనిమిదేళ్లు కొట్ల లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

వీడియోలో అబద్ధం లేదు, సగమే చెప్పారు. 2013 నాటి 116వ నంబరు చట్టం కింద విదేశీ పెట్టుబడుల కోసం కేడీపా అనే సంస్థ పెట్టారు. అది ఒప్పుకుంటే 100 శాతం వాటా, పదేళ్ల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు దొరుకుతాయి. ఐబీఎం, హువావే ఆ దారినే వెళ్లాయి. ఏ టెక్నాలజీ తెస్తారు, ఎంతమంది కువైటీలకు ఉద్యోగాలిస్తారు అని అడుగుతారక్కడ. మన బకాలాలో ఒక కుర్రాడి జీతమే గిట్టదు! 1953 నుంచి చమురు డబ్బును బయటి దేశాల్లో పెట్టుబడి పెడుతున్న దేశానికి మన ఆరు వేలతో ఏం పని?

మామూలు కొట్టుకు 1980 నాటి వాణిజ్య చట్టమే వర్తిస్తుంది. కువైటీల వాటా 51 శాతానికి తగ్గకూడదు. మిగతా 49 అయినా మీదనాలంటే కాగితం మీద మీ పేరుండాలి కదా. ఆయన చెప్పే ఏర్పాటులో అదే లేదు. పైగా ఖాదిం వీసా మీదున్నవాళ్లు గల్లాపెట్టె దగ్గర దొరికితే అకామా (అక్కడ ఉండేందుకు అనుమతి) పోయి, ఇంటికి పంపించేస్తారు.

నేను లెక్కలు రాసిన కొట్లలో ఒకటి కడప వైపు నుంచి వచ్చిన ఒక అన్నది. కఫీల్, అంటే లైసెన్సు తన పేరున ఉన్న కువైటీ, మంచివాడే. నెలనెలా వచ్చి, సులేమానీ (పాలు లేని టీ) తాగి, కవరు తీసుకుని పోయేవాడు. తొమ్మిదేళ్లు అలాగే గడిచింది. ఆయన చనిపోయిన నెలకి కొడుకులొచ్చి తాళాలు అడిగారు. ఫ్రిజ్‌లు, బియ్యం బస్తాలు, ఆఖరికి మనవాళ్లు ఖాతా రాయించుకున్న అప్పులతో సహా చట్టప్రకారం వాళ్లవే అయ్యాయి. అన్నకు మిగిలింది నేను రాసిన లెడ్జరు ఒక్కటే. అది పట్టుకుని ఏ కోర్టుకు పోతాడు?

ఇక ఆవకాయ. ఆరు గల్ఫ్ దేశాలదీ 2003 నుంచి ఒకటే కస్టమ్స్ లెక్క, చాలా సరుకులకు 5 శాతం. సౌదీలో 15 శాతం వ్యాట్ ఉంది, కువైట్‌లో ఆ బాదరబందీ లేదు. చిక్కంతా లేబుల్‌తోనే. పేరు, దినుసులు, గడువు తేదీ అరబ్బీలో ఉండాలి. అది లేక పోర్టులో ఎండకు ఆగిపోయిన జాడీల మూతలు ఉబ్బి నూనె కారడం కళ్లారా చూశాను.

వ్యాపారమే చేయాలనుంటే ఇండియా వైపు నుంచి చేయండి. 500 రూపాయలు కట్టి ఇంట్లోవాళ్ల పేరున ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్) నంబరు తీసుకోండి, ఆహార లైసెన్సు కూడా. అక్కడ దిగుమతి లైసెన్సున్న వ్యాపారికి సరుకు పంపండి. కువైట్ సిటీలోని మాలియాలో ఏ ఊరగాయ ముందు ఖాళీ అవుతుందో మీకు తెలిసినంత ఆ వ్యాపారికి తెలియదు. సగం డబ్బు చేతికి అందేదాకా మాత్రం ఒక్క పెట్టె కూడా ఎక్కించకండి, తెలిసినవాడైనా సరే.