ముందు పైకి చూడు, కొనడం తర్వాత

మలక్‌పేట, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పారిస్ టిక్కెట్లు వచ్చాయని, అక్కడి గ్యాలరీ లఫాయెత్ అనే పెద్ద దుకాణంలో కొనడానికి రెండు పేజీల జాబితా రాసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. జాబితా సంగతి తర్వాత. ముందు పాస్‌పోర్టు చేతిసంచిలో పెట్టుకో. హోటల్లో వదిలి వెళ్లకు.

లోపల అడుగుపెట్టగానే సెంట్ల కౌంటర్లు ఎదురొస్తాయి. ఆగకుండా మూడో అంతస్తుకెళ్లి, అంచున నిలబడి తలెత్తు. 1912 నాటి రంగు అద్దాల గుమ్మటం కనిపిస్తుంది. ఎత్తు 43 మీటర్లు. మన చార్మినార్ కన్నా పొట్టిదే. అయినా ఆ అద్దాల్లోంచి ఎండ దిగి బాల్కనీల బంగారు పూత మీద పడుతుంటే మీ పెదనాన్న అరగంట కదల్లేదు. మా పెళ్లి బట్టలు కొంటున్నప్పుడు కూడా దుకాణం బయటే కూర్చున్న మనిషాయన!

మేడ మీదికి కూడా వెళ్లు, డబ్బులు అడగరు. పక్కనే ఒపేరా అనే నాటకశాల, దూరంగా ఈఫిల్ టవర్ కనిపిస్తాయి. 1919లో జూల్ వెద్రీన్ అనే ఆయన 25,000 ఫ్రాంకుల బహుమతి కోసం ఆ మేడ మీదే విమానం దించాడు. నిలబడి చూస్తే ఆ కాస్త చోటులో ఎలా దించాడా అనిపిస్తుంది.

కౌంటర్ దగ్గర ఏమడిగినా ముందు ‘బొంజూర్’ అను. అది లేకుండా ధర అడిగితే అక్కడివాళ్లకు అమర్యాద. లాడ్‌బజారు బేరాలు అక్కడ చెల్లవు. జనవరిలోనో, జూన్ చివర మొదలయ్యే తగ్గింపులోనో వెళితే బేరం వాళ్లే ఆడి పెడతారు. ప్రతి ధర చీటీనీ రూపాయల్లోకి మార్చుకుంటూ తిరిగితే మాత్రం ఏమీ కొనలేవు.

ఇక పాస్‌పోర్టు ఎందుకంటే, ఒకే దుకాణంలో 100 యూరోలు దాటి కొంటే పన్నులో కొంత వెనక్కి వస్తుంది. పాస్‌పోర్టు చూపించి ఫారం తీసుకో. విమానాశ్రయంలో ‘పాబ్లో’ అనే యంత్రానికి ఆ ఫారం మీది బార్‌కోడ్ గీతలు చూపించాలి. పెట్టెలు అప్పగించకముందే సుమా! నేను పెట్టె పంపేసి, తీరిగ్గా ఫారం పట్టుకుని వెళ్లాను. అధికారి సరుకు చూపించమన్నాడు. సరుకేమో అప్పటికే విమానం కడుపులో ఉంది. హైదరాబాద్ దాకా మీ పెదనాన్న ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది. పారిస్ నుంచి రోమ్ వెళ్లి అక్కడినుంచి ఇంటికొస్తే, ఈ పని రోమ్‌లో చేయాలి.

నాకేమీ తేవద్దు. సెంటు చల్లి వాసన చూడమని ఇచ్చే కాగితపు ముక్కలు రెండు పర్సులో వేసుకురా, చాలు. నావి బీరువాలో పట్టుచీరల మధ్య వాసన పోయి ఊరికే పడి ఉన్నాయి.

మీ పెద్దమ్మ