పాటల పేజీ: ఆర్కిటిక్ మంకీస్ తొలి ఆల్బమ్ మళ్లీ వింటే

ప్రశ్న: మేడం, ఇంజినీరింగ్ రోజుల్లో హాస్టల్లో ఇంగ్లండ్ రాక్ బ్యాండు ఆర్కిటిక్ మంకీస్ మొదటి ఆల్బమ్ ‘వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్’ తెగ వినేవాళ్లం. ఆ యాసలో మాటలు సగం అర్థమయ్యేవి కావు, ఆ స్పీడ్ కోసమే వినేవాళ్లం. చాలా ఏళ్లకి మొన్న మళ్లీ పెట్టాను. అప్పట్లో స్కిప్ చేసిన చివరి పాట దగ్గరే ఇప్పుడు ఆగిపోతున్నాను. ఇది నా వయసు ప్రభావమా, ఆల్బమ్‌లోనే అంత సరుకుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సరుకుందండీ. వయసు కొంత సాయం చేసి ఉంటుంది, కాదనను. కానీ ఆ చివరి పాట ‘ఎ సర్టెన్ రొమాన్స్’ విడుదలైన రోజు నుంచీ అంత గొప్ప పాటే. నన్నడిగితే ఆల్బమ్ మొత్తానికీ ప్రాణం అక్కడే ఉంది.

ఒకసారి మాటల మీద దృష్టి పెట్టి వినండి. మ్యాట్ హెల్డర్స్ డ్రమ్స్ దడదడలాడించి వదిలాక, పాటలు రాసి పాడే అలెక్స్ టర్నర్ తన ఊరి కుర్రాళ్లను వర్ణించడం మొదలుపెడతాడు. కాళ్లకు రీబాక్ బూట్లో, చిరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న కాన్వర్స్‌లో. ట్రాక్ ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని తిరుగుతారు. పాటలంటే వాళ్లకు ఫోన్ రింగ్‌టోన్లే. బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడే కర్రలు పట్టుకుని కొట్టుకుంటారు. ఇక్కడిదాకా ఇది చీదరించుకుంటున్న పాట. తర్వాత అతని చూపు పక్కకు తిరుగుతుంది. అదిగో, ఆ మూల ఉన్నవాళ్లు నా స్నేహితులే, ఎన్నో ఏళ్లుగా తెలిసినవాళ్లు. వాళ్లు హద్దు దాటినా వాళ్ల మీద అలా కోపం రాదు అంటాడు. ఆ మాట అనేశాక ఇంక చెప్పడానికేమీ లేక, మిగతాది గిటార్‌కి వదిలేస్తాడు. ఊళ్లో మనవాళ్లను తిట్టుకుంటూనే వాళ్లను వదులుకోలేని ఆ ఇబ్బందిని, ఇరవై కూడా నిండని కుర్రాడు అంత నిజాయితీగా రాశాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఊరంటే షెఫీల్డ్. ఇంగ్లండ్‌లో ఉక్కుకు పేరుపడ్డ నగరం. వీళ్లు దాని ఉత్తరపు అంచున ఉండే హై గ్రీన్ పిల్లలు. ‘రెడ్ లైట్ ఇండికేట్స్ డోర్స్ ఆర్ సెక్యూర్డ్’ పాటలో రాత్రి టాక్సీ ఎక్కి డ్రైవర్‌కు చెప్పే అడ్రస్ కూడా అదే, హిల్స్‌బరో మీదుగా హై గ్రీన్. ‘ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో’లో, పక్కనున్న రోథరమ్‌లో పుట్టి న్యూయార్క్ వాడిలా పోజు కొట్టే బ్యాండు మీద టర్నర్ విరుచుకుపడతాడు. ఆల్బమ్ పేరు కూడా దూరం నుంచి తెచ్చుకున్నది కాదు. అలన్ సిల్లిటో 1958 నవల ‘సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్’లో, నాటింగ్‌హామ్ సైకిల్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆర్థర్ సీటన్ మాట అది. వారమంతా పని, శనివారం రాత్రి తాగుడు, గొడవ. నవలలోని ఆ వరస పాటల్లోనూ కనిపిస్తుంది.

కచేరీల్లో వీళ్లు డెమో సీడీలు ఉచితంగా పంచేవారు. అభిమానులు వాటిని కాపీ చేసి నెట్‌లో పెట్టేవారు. దాంతో 2006 జనవరిలో డొమినో సంస్థ ఆల్బమ్ విడుదల చేసేనాటికే జనానికి పాటలు నోటికొచ్చేశాయి. మొదటి వారంలోనే బ్రిటన్‌లో 3,63,735 కాపీలు అమ్ముడుపోయాయి. అప్పటికి ఏ బ్యాండు తొలి ఆల్బమూ అక్కడ అంత వేగంగా అమ్ముడుపోలేదు. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఏటా మేటి ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్ కూడా ఆ ఏడాది దానికే వచ్చింది.

అన్నీ ఒకే ఎత్తున నిలబడ్డాయని మాత్రం చెప్పను. ‘పర్‌హాప్స్ వాంపైర్స్...’ అప్పుడూ సాగదీతే, ఇప్పుడూ అంతే. ‘వెన్ ది సన్ గోస్ డౌన్’ వింటే నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. షెఫీల్డ్‌లోని నీప్సెండ్ ప్రాంతంలో విటుల కోసం రోడ్డు పక్క నిలబడ్డ అమ్మాయి గురించిన పాట అది. ఆమెను వాడుకునేవాడి మీద కోపం బాగానే వినిపిస్తుంది, కానీ ఆమె మాట ఒక్కటీ వినిపించదు. ‘రయట్ వ్యాన్’ అందుకు పూర్తిగా వేరు. పోలీసులను ఆటపట్టించే పిల్లల కథ సరదాగా మొదలై, వాళ్లలో ఒకణ్ని వ్యాన్‌లోకి తోసి చితకబాదడంతో ముగుస్తుంది. అంతసేపూ టర్నర్ గొంతు పెంచడు. మీరు హాస్టల్లో దీన్ని కూడా స్కిప్ చేసే ఉంటారు. ఈసారి ఆగి వినండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఈ బ్యాండు ‘ఏఎమ్’ ఆల్బమ్ అంటే పిచ్చి. మొదటి ఆల్బమ్ పెడితే గోలగా ఉందంటోంది. ఎలా వినిపించాలి?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ఆ అమ్మాయి తప్పేమీ లేదమ్మా. 2013 నాటి ‘ఏఎమ్’లో బీట్ నెమ్మదించింది, గొంతులో నునుపొచ్చింది. ఆ చెవులకు 2006 నాటి హడావుడి గోలగానే ఉంటుంది. ముందు ‘మార్డీ బమ్’ పెట్టండి. ఆలస్యంగా వచ్చినందుకు మూతి ముడుచుకున్న అమ్మాయిని, వంటింట్లో కౌగలించుకున్న రోజులు గుర్తుచేసి బతిమాలుకునే పాట. అది వింటే మీ అమ్మాయి నవ్వకుండా ఉండలేదు. అదీ కాదంటే ‘505’ ఆమెకు ఎలాగూ తెలిసే ఉంటుంది. అది 2007లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో చివరి పాట. అక్కణ్నుంచి ఒక్కో పాటా వెనక్కి వినుకుంటూ రమ్మనండి.