కొత్తింట్లో మొదటి హాలోవీన్‌కి

అమ్మలూ,

షాపులో దయ్యం బొమ్మ ఒక్కటే నలభై డాలర్లు, పిల్లలేమో ఇల్లంతా అలంకరించాలని గొడవ అని రాశావు. ఏమీ కొనకు. ఈ న్యూజెర్సీకి వచ్చి 22 ఏళ్లయింది, ఏ ఏడూ నేను పది డాలర్లు దాటి ఖర్చు పెట్టలేదు. అక్టోబర్ 31న పిల్లలు వేషాలేసుకుని మిఠాయిల కోసం తలుపు కొట్టేది చీకటి పడే వేళ. అప్పుడు బొమ్మ ఖరీదు ఎవరికీ తెలియదు, లోపల వెలిగే దీపమే కనబడుతుంది.

పెరుగు తోడు పెట్టడానికి వారానికి రెండు గ్యాలన్ల పాలు కొంటావు కదా, ఇవాళ్టి నుంచి ఆ డబ్బాలు పారేయకు. సబ్బుతో బాగా కడుగు, లేకపోతే పులిసిన కంపు పోదు. పిల్లల చేత నల్ల మార్కర్‌తో కళ్లు, నోరు గీయించు. వెనకవైపు పిడికిలి పట్టేంత కన్నం నువ్వే కొయ్యి. అడుగున గుప్పెడు గులకరాళ్లు వేస్తే గాలికి పడవు. బయట వాడే క్రిస్మస్ లైట్ల తీగ ఒకటి డబ్బా డబ్బాకీ దూర్చుకుంటూ పోతే డ్రైవ్‌వే పొడుగునా దయ్యాలు బారులు తీరతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గంజి దయ్యం. మీ నాన్న పాత పంచె ఉంటే, నేత పల్చబడి వెలుతురు కనిపించేది, అదే వాడు. కుక్కర్ అన్నం కాబట్టి మీ ఇంట్లో గంజి ఉండదు. రెండు పెద్ద చెంచాల కార్న్‌స్టార్చ్ కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గాజులా మెరిసేదాకా ఉడికించు. గుడ్డ తడవడానికి ఎన్ని కప్పులు కావాలంటే అన్ని. పొడుగాటి సీసా మూతి మీద ఊదిన బెలూన్ టేపుతో అంటించు, అదే తల. గోరువెచ్చని గంజిలో గుడ్డ ముంచి, పిండేసి, ఆ బెలూన్ మీద కప్పు. ఇక్కడ తొందరపడకు. అంచులు ఒక్కొక్కటీ లాగి కుచ్చెళ్లలా పరిస్తేనే దయ్యం నిలబడుతుంది. కింద ప్లాస్టిక్ కవరు వెయ్యి, లేకపోతే గుడ్డ బల్లకి అతుక్కుంటుంది. ఒక రాత్రి, ముసురుగా ఉంటే రెండు రాత్రులు ఆరనీ. వేలితో తడితే అప్పడంలా చప్పుడవ్వాలి. అప్పుడు బెలూన్ పగలగొట్టి సీసా తీసెయ్యి. లోపల ఏమీ లేకుండా నిలబడ్డ గుడ్డని చూసి మీ చిన్నది చప్పట్లు కొడుతుంది. వాన తగిలితే మాత్రం కూలిపోతుంది, పోర్చ్ కప్పు కిందే ఉంచు.

టాయిలెట్ పేపర్ గొట్టాలకి కళ్లు కత్తిరించి, లోపల గ్లో స్టిక్, అదే వంచితే వెలిగే ప్లాస్టిక్ పుల్ల, పెట్టి పొదల్లో దాచు. షాపులో అమ్మే, దూదిలా సాగే ఉత్తుత్తి సాలెగూడు మాత్రం చెట్లకి కట్టకు, పిట్టలు చిక్కుకుంటాయి.

కొవ్వొత్తుల జోలికి పోవద్దు. ఒక ఏడాది కాగితం సంచిలో వెలిగించి మెట్ల మీద పెట్టాను. గాలికి సంచి ఒరిగి భగ్గుమంది, పక్కనే జీరాడే గౌనులో ఒక పసిపాప. చప్పున నీళ్లు పోశాం, ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ బ్యాటరీ దీపాలే.

ముఖం చెక్కడానికి పెద్ద గుమ్మడికాయ ఒక్కటి చాలు, రెండు మూడు రోజుల ముందే కొయ్యి, అంతకన్నా ముందైతే కుళ్లుతుంది. మూత ఏటవాలుగా కోస్తే లోపలికి జారదు. గింజలు కడిగి ఆరబెట్టి, ఉప్పూ కారం పట్టించి ఓవెన్‌లో వేయించు. పులుసుకి మాత్రం ఈ పెద్ద కాయ పనికిరాదు, పీచూ నీళ్లూ తప్ప రుచుండదు. చిన్న తీపి గుమ్మడి విడిగా కొనుక్కో.

మీ అత్తగారు గుమ్మంలో ఈ దయ్యాలేమిటని బాధపడితే, మన ఊళ్లో దిష్టికి రాక్షసుడి ముఖం గీసి వేలాడదీసే బూడిద గుమ్మడికాయని గుర్తు చెయ్యి. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి, మా మెట్ల మీద ప్రమిదలూ గుమ్మడికాయా పక్కపక్కనే ఉన్నాయి. నెత్తురూ తెగిన చేతులూ మాత్రం వద్దు, మూడేళ్ల పిల్లలు కూడా వస్తారు.

మర్నాడు పాల డబ్బాలు గరాజ్‌లో దాచు. గంజి దయ్యాన్ని వేడినీళ్లలో నానబెడితే మళ్లీ మీ నాన్న పంచె అయిపోతుంది, ఉతికి మడత పెట్టుకో.

మీ పిన్ని