మెకానిక్ షెడ్డులో స్ప్రే డబ్బాలను ఎలాంటి అల్మారాలో పెట్టాలి?

కార్ల సర్వీసు షెడ్డు కొత్తగా పెట్టానన్నారు. జిడ్డు కడిగే బ్రేక్ క్లీనర్, తుప్పు వదిలించే స్ప్రే, రంగు స్ప్రేలు అన్నీ కలిపి 40 డబ్బాల దాకా ఎప్పుడూ నిల్వ ఉంటాయని, వాటికి ఎలాంటి అల్మారా చేయించాలో, మంటలార్పే సిలిండర్ ఏ రకం కొనాలో చెప్పమని అడిగారు. అల్మారా సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. తలుపులున్న ఇనుప అల్మారా చేయించి, ఎండ తగలని గోడ పక్కన, కంప్రెసరుకూ వెల్డింగుకూ దూరంగా పెట్టండి. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అల్మారాలో నిలబెట్టిన డబ్బా వల్ల ప్రమాదం జరగడం ఒక్కసారి కూడా చూడలేదు. చూసినవన్నీ డబ్బాలో ఉన్నది బయటికి వచ్చాక జరిగినవే. అందుకని మీరు అడగని విషయమే ఎక్కువగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

2011 మే నెల. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో నేను పెద్ద మేస్త్రిని. బడులు తెరిచేలోగా బాగు చేయించుకోవాలని స్కూలు వ్యాన్లు వరసగా వచ్చే రోజులవి. ఆ మధ్యాహ్నం ఒక వ్యాను, బండి కిందికి దిగి పని చేయడానికి నేలలో తవ్విన గుంట మీద నిలిచి ఉంది. గేర్‌బాక్సు దగ్గర ఆయిల్ కారుతోంది. ఎక్కడి నుంచి కారుతోందో తెలియాలంటే ముందు పట్టిన జిడ్డంతా కడిగేయాలి, తర్వాత ఇంజను నడిపి కొత్త చుక్క ఎక్కడ పుడుతుందో చూడాలి. పందొమ్మిదేళ్ల కుర్రాడు గుంటలోకి దిగాడు. ఒక చేతిలో బ్రేక్ క్లీనర్ డబ్బా, మరో చేతిలో హ్యాండ్ ల్యాంపు. అప్పట్లో అందరి దగ్గరా అదే ఉండేది: చుట్టూ తీగజాలీ, లోపల 100 వాట్ల మామూలు బల్బు, వెనక పొడవాటి వైరు. పైన రేకులు సెగలు కక్కుతున్నాయి, గుంటలో మాత్రం చల్లగా ఉందని కుర్రాడు సంతోషపడ్డాడు.

మొదటి డబ్బా దాదాపు మొత్తం కొట్టేశాడు. "మేస్త్రీ, ఇంకొకటి ఇవ్వండి, జిడ్డు కదలడం లేదు" అన్నాడు. వంగి రెండో డబ్బా అందించింది నేనే. గుంట అంచున కూర్చుని అతనితో మాట్లాడుతూనే ఉన్నాను. స్ప్రే గేర్‌బాక్సు అంచుకు తగిలి వెనక్కి చిమ్మింది. కాలుతున్న బల్బు మీద చల్లటి ద్రవం పడింది. గాజు పగిలిన చప్పుడు చిన్నగా, గాజులు చిట్లినట్టు వినబడింది. దాని వెంటనే గుంట అంతా ఒక్కసారి నీలంగా వెలిగింది. పేలుడు శబ్దం ఏమీ లేదు. ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు 'బుఫ్' అంది, అంతే. ఆ మంట గుంట పొడవునా పరుగెత్తి, అంచుల దాకా లేచి పడిపోయింది. రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత అడుగున పడి ఉన్న బనియన్ వేస్టు (చేతులు తుడుచుకునే గుడ్డపీలికలు), కారిన ఆయిలు పొగలు చిమ్ముతూ మండడం మొదలైంది.

అతని చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. కనుబొమలు లేవు. రెండు ముంజేతుల మీదా చర్మం తెల్లబడి ఉంది. ఒకరు బకెట్టు నీళ్లు ఎత్తారు. ఆయిలు నీళ్ల మీద తేలి మంటను మరింత దూరం మోసుకుపోతుందని నేను అరిచాను, ఇసుక పోయించాను. మంట ఆరింది. అసలు బాధ దాని తర్వాత మొదలైంది. నేను అతని కుడిచేతిని తాగునీళ్ల డ్రమ్ము కుళాయి కింద పట్టుకుని ఉండగానే, టీకొట్టు ఆయన పరుగున వచ్చి ఎడమచేతికి టూత్‌పేస్టు పట్టించేశాడు. మంచి మనసుతోనే చేశాడు. ఆస్పత్రిలో నర్సు ఆ పేస్టును కాలిన చర్మం మీది నుంచి ముక్కముక్కగా తీయవలసి వచ్చింది. గుంటలో అరవని కుర్రాడు అక్కడ ఏడ్చాడు. నీళ్ల కింద పెట్టిన కుడిచేయి ముందుగా మానింది. ఎడమచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. కాలిన చోట పారే నీళ్లు 20 నిమిషాలు పట్టడం తప్ప ఇంకేదీ చేయకూడదు. పేస్టు, ఇంకు, వెన్న, పసుపు, ఏదీ వద్దు. 108కి ఫోను చేసి, బండి కోసం చూస్తూ ఆ 20 నిమిషాలూ నీళ్లు పడుతూనే ఉండాలి. ఈ ఒక్క విషయం మీ షెడ్డు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.

ఆ రోజు నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. గుంట అంచునే కూర్చున్న నాకు గ్యాసు వాసన రాలేదు. పెట్రోలు డబ్బా మూత తీసినప్పుడు వచ్చేలాంటి ఘాటు వాసన కొద్దిగా ఉంది, అది మా షెడ్డులో రోజూ ఉండేదే. చాలా స్ప్రే డబ్బాల్లో మందును బయటికి తోసేది ప్రొపేను, బ్యూటేను వాయువులే. మన వంటగ్యాసులో ఉండేవీ అవే. కానీ వంటగ్యాసు కారితే తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే కుళ్లు వాసన పదార్థం కలుపుతారు. స్ప్రే డబ్బాల కోసం వాడే వాయువును వాసన లేకుండా శుద్ధి చేస్తారు. సెంటు సీసా నుంచి కుళ్లు వాసన వస్తే ఎవరు కొంటారు? దాని వల్ల, ఇంట్లో సిలిండర్ కారితే నిద్రలోంచి లేచి కిటికీలు తెరిచే మనిషి, షెడ్డులో అదే వాయువు మోకాళ్ల దాకా నిండినా పాట వింటూ పని చేసుకుంటాడు.

మోకాళ్ల దాకా అని ఊరికే అనలేదు. ప్రొపేను గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు బరువు. బ్రేక్ క్లీనర్లో ఉండే హెప్టేను, అసిటోను లాంటి ద్రవాల ఆవిర్లు కూడా గాలి కన్నా బరువైనవే. ఇవన్నీ నీళ్లలా పల్లానికి చేరతాయి. గుంట అంటే షెడ్డు మొత్తంలో అన్నిటికన్నా పల్లం. ఒక డబ్బాలో 100 గ్రాముల బ్యూటేను ఉందనుకోండి. బయటికి వస్తే 40 లీటర్లకు పైగా వాయువు అవుతుంది. గాలిలో అది 2 శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. అంటే ఒక్క డబ్బాలోని వాయువు 2,000 లీటర్ల గాలిని మండేలా చేయగలదు. మా గుంట పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే 3,500 లీటర్లు కూడా రాదు. అందులో దాదాపు రెండు డబ్బాలు కొట్టించాను. మీరు లెక్క కట్టుకోండి.

పాత మేస్త్రీలు స్ప్రేలంటే ఎందుకు భయపడలేదో నాకొక నమ్మకం ఉంది. ఒకప్పుడు ఈ డబ్బాల్లో తోసే వాయువుగా క్లోరోఫ్లోరోకార్బన్లు విరివిగా వాడేవారు. అవి మండవు. అవి ఓజోను పొరకు చేటని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక ప్రపంచమంతా వాటిని మానుకుంటూ వచ్చింది. ఆ స్థానంలోకి మండే వాయువులు వచ్చాయి. ఆకాశానికి మేలు జరిగింది, మంచిదే. కానీ డబ్బా అదే ఆకారంలో ఉంది, అదే మీట, అదే చప్పుడు. లోపల మారిన సంగతి షెడ్లలో పని చేసేవాళ్లకు చెప్పిన నాథుడు లేడు. డబ్బా వెనక ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాలతో రాస్తారు. 50 డిగ్రీలు దాటిన వేడికి గురి చేయవద్దు, ఖాళీ అయ్యాక కూడా పొడవవద్దు, కాల్చవద్దు అని ఉంటుంది. పదో తరగతి మధ్యలో మానేసి పనిలోకి వచ్చిన కుర్రాడు అది చదవగలడా? తలనొప్పి మాత్ర అట్ట మీద తెలుగు లేకపోవడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. కనీసం ఎరుపు గడిలో మంట బొమ్మ ఉంటే దాని అర్థమైనా మీ పనివాళ్లకు మొదటి రోజే చెప్పండి.

ఆ 50 డిగ్రీల మాట కూడా మన ఊళ్లకు చాలా దగ్గరి మాట. విజయవాడలో మే నెలలో ఎండ ముదిరిన రోజుల్లో బయటే 44, 45 ఉంటుంది. రేకుల కిందా, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులోనూ ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? ట్రయల్‌కు తీసుకెళ్లిన బండి డాష్‌బోర్డు మీద డబ్బా మరిచిపోయి వచ్చే పనివాణ్ణి నేను ఆ రోజుకు పని ఆపి కూర్చోబెడతాను.

ఖాళీ డబ్బాల గురించి మీరేమీ అడగలేదు, ఎవరూ అడగరు. 2018 డిసెంబరు 16న జపాన్‌లోని సప్పొరో నగరంలో అద్దె ఇళ్లు చూపించే ఒక ఆఫీసులో, పారేయడానికి ముందు ఖాళీ చేద్దామని దుర్వాసన పోగొట్టే స్ప్రే డబ్బాలను వందకు పైగా గదిలోనే కొట్టేశారు. తర్వాత చేతులు కడుక్కోవడానికి వేడినీళ్ల యంత్రం వెలిగించారు. భవనం కూలిపోయింది, పక్కనే ఉన్న తిండిహోటల్లో వాళ్లతో కలిపి 40 మందికి పైగా గాయపడ్డారు. వాళ్లు చేసింది పారేసే ముందు డబ్బాలను ఖాళీ చేయడమే. గదిలో గాలి ఎటు పోతుందన్నది మరిచారు.

మన దగ్గర ఖాళీ డబ్బాల కథ ఇంకో రకం. భోగినాడు తెల్లవారుజామున షెడ్డు ముందు మంట వేసి, ఏడాది పొడవునా పోగుపడిన చెత్తంతా అందులోకి విసురుతారు. ఆ చెత్తలో స్ప్రే డబ్బాలు ఉంటాయి. చుట్టూ చలి కాచుకునే పిల్లలు ఉంటారు. మీట నొక్కితే ఏమీ రాని డబ్బాలో కూడా వాయువు మిగిలే ఉంటుంది, మంటలో పడితే రేకు చీలి ఎగురుతుంది. నేను డిసెంబరు నెలాఖరుకే ఖాళీ డబ్బాలన్నీ వేరే సంచిలో కట్టించి, పాత ఇనుము కొనేవారికి చూపించి, ఇందులో ఏముందో చెప్పి మరీ ఇస్తాను. పుట్టినరోజుల్లో వెలుగుతున్న కొవ్వొత్తుల మీదుగా పిల్లల ముఖాలకు నురగ స్ప్రే కొట్టేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. ఆ నురగను తోసేదీ చాలాసార్లు ఇదే వాయువు.

మండని రకం బ్రేక్ క్లీనర్ కొంటే సరిపోతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే ఒప్పుకోకండి. వాటిలో కొన్నిటిలో టెట్రాక్లోరోఇథిలీన్ లాంటి క్లోరిన్ ద్రవాలుంటాయి. వాటితో తుడిచిన ఇనుము తడి ఆరకముందే వెల్డింగు పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల మీదికి వదిలిన వాయువు అది. మీ పక్కన టింకరింగ్ షెడ్డు (బండి రేకు సొట్టలు తీసి, వెల్డింగు చేసే చోటు) ఉంటే వాళ్లకూ ఈ మాట చెప్పండి.

చట్టం మాటకొస్తే, మండే ఆవిర్లు పోగుపడకుండా చూడాలని, నిప్పు రవ్వ దరి చేరకుండా చూడాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లోనే ఉండేది. ఆ చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోటైతే 10 మంది పనివాళ్లు ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. ఆ రోజు మా షెడ్డులో ఉన్నది ఆరుగురం. తనిఖీకి వచ్చిన మనిషిని నేను ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు నా షెడ్డులో గుంటలోకి స్ప్రే డబ్బా దిగదు. జిడ్డు వదిలించాలంటే కుంచె, సబ్బు కలిపిన డిగ్రీజర్, ఒక పళ్లెం. మరీ తప్పనిసరైతే ఆరుబయట గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో తుడవాలి. గుంటలో బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ దీపమే. ఫ్యాను మోటారు పైన, బయటివైపు ఉంటుంది, దాని గొట్టం మాత్రం గుంట అడుగు దాకా దిగి తాజా గాలి పోస్తుంది. మోటారునే గుంటలో పెట్టే తెలివితక్కువ పని చేయకండి, దాని రవ్వే అంటిస్తుంది. నూనె గుడ్డలకు మూత ఉన్న రేకు డబ్బా ఉంది. ఆ రోజుకు కావలసిన స్ప్రే డబ్బాలే బయటికి వస్తాయి, సాయంత్రం లెక్క చూసి లోపల పెడతాము. నిజం చెప్పాలంటే 40 డబ్బాల నిల్వ మీకు అక్కరలేదు. పెట్టె మీద ఇచ్చే తగ్గింపు కోసం కొంటున్నారేమో, పది చాలు.

సిలిండర్ విషయం: గుడ్డ, నూనె, గ్యాసు మంటలన్నిటికీ పనికొచ్చే ఏబీసీ పొడి రకం కొనండి. కంప్రెసరు వెనక మేకుకు తగిలించకుండా బయటికి వెళ్లే గుమ్మం పక్కన పెట్టండి, మంట వైపు వెళ్లి తెచ్చుకోవలసిన సిలిండర్ ఎవరికీ ఉపయోగపడదు. రెండు బకెట్ల పొడి ఇసుక కూడా ఉంచండి.

ఆ కుర్రాడికి ఇప్పుడు ఏలూరులో సొంత షెడ్డు ఉంది. గుంట తవ్వించలేదు, లిఫ్టు పెట్టుకున్నాడు. మీ షెడ్డులో గుంట ఉందో లిఫ్టు ఉందో మీరు రాయలేదు. గుంటే అయితే పొడవు, లోతు, గుమ్మం ఏ వైపో రాయండి. గాలి గొట్టం ఎక్కడ దించాలో చెబుతాను.