చదువు నీకు ఎలా ఒంటబడుతుందో నువ్వే తేల్చుకో

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. ఇంటర్నెట్‌లో ఒక పరీక్ష రాస్తే నీది చూసి నేర్చుకునే రకం అని వచ్చిందన్నావు. ఇక తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షకి వీడియోలు, రంగుల చార్టులు మాత్రమే చాలనీ, తెలుగు అకాడమీ పుస్తకాలు ఫ్రెండ్‌కి ఇచ్చేస్తాననీ రాశావు. పుస్తకాలు అప్పుడే ఎవరికీ ఇవ్వకు తల్లీ. ఒక నెల ఆగు. ఈలోపు నేను చెప్పే పని చేసి చూడు.

అలాంటి పరీక్షల్లో బాగా వ్యాప్తిలో ఉన్నది న్యూజిలాండ్‌కి చెందిన నీల్ ఫ్లెమింగ్ 1992లో తీసుకొచ్చిన 'వార్క్' పద్ధతి. చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, చదివి రాసుకుని నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు అని మనుషుల్ని నాలుగు రకాలుగా చూస్తుంది. అందులోని ప్రశ్నలు నీకేది ఇష్టమో అడుగుతాయి, నీకేది గుర్తుందో అడగవు. ఈ రెండూ వేరు. 2008లో అమెరికాలో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు పరిశీలించారు. మనిషి రకాన్ని బట్టి పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి తగిన ఆధారాలు లేవని తేల్చారు. నీకు వీడియోలు ఇష్టమన్న మాట నేను కాదనడం లేదు. వాటితోనే నీకు చదువు వస్తుందన్న మాట మాత్రం ఇంకా రుజువు కాలేదు.

నేను సోషల్ టీచర్‌గా బతుకంతా గమనించింది ఒకటుంది. ఎలా నేర్చుకోవాలన్నది చాలావరకు నేర్చుకునే విషయమే చెబుతుంది. వేదపాఠశాలలో సంత చెప్పుకోవడం చూశావు కదా, గురువు ఒకసారి అంటాడు, శిష్యులు రెండుసార్లు అంటారు. అక్కడ స్వరం తప్పకూడదు, కాబట్టి చెవీ నోరూ పనిచేయాలి. అదే గోదావరి ఉపనదులు చెప్పేటప్పుడు మంజీర కందకుర్తి దగ్గర, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తాయని ఎంత వల్లె వేయించినా, పటం గీసి ఏది కుడివైపు నుంచి వస్తుందో, ఏది ఎడమవైపు నుంచి వస్తుందో చూపించేదాకా క్లాసులో ఎవరికీ నిలిచేది కాదు. ఆ రోజు అందరూ చూసి నేర్చుకునేవాళ్లే. రీజనింగ్ లెక్కలైతే చేతితో చేయాల్సిందే, ఎవరో చేస్తుంటే చూస్తే రావు.

మా బడిలో ఒక పిల్లాడు ఉండేవాడు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ పైకి చదువుకునేవాడు. వాడికి చెవి చదువు అబ్బిందని స్టాఫ్ రూములో అందరూ అనేవాళ్లు. వాణ్ణి చూసి మరో నలుగురు పిల్లలు కూడా తిరుగుతూ పైకి చదవడం మొదలుపెట్టారు. వాళ్లకి మార్కులు పెరగలేదు. ఒకరోజు దగ్గర నిలబడి చూస్తే తేడా తెలిసింది. ఆ నలుగురూ పుస్తకంలోకి చూస్తూ చదువుతున్నారు. ఈ పిల్లాడు పేజీ మధ్యలో వేలు పెట్టి పుస్తకం మూసేస్తాడు. వరండా ఆ చివరిదాకా తనంతట తాను చెప్పుకుంటూ వెళతాడు. ఎక్కడైనా ఆగిపోతే వేలున్న చోట తెరిచి, ఆ ఒక్క ముక్క చూసి మళ్లీ మూస్తాడు. వాడికి చదువు వచ్చింది మూసిన పుస్తకం వల్ల. పైకి చదవడం అందరి కంటికీ కనిపించింది కాబట్టి దాన్నే అందరూ పట్టుకున్నారు.

రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు 2006లో కాలేజీ పిల్లల మీద ఇదే పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివాక చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసినవాళ్లు ముందుకొచ్చారు. ఇంకో సంగతి, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే తమకు బాగా వచ్చిందన్న ధీమా ఎక్కువ. అందుకే నీకు ఏది సులువుగా అనిపించిందో నన్ను ఒప్పించడానికి చెప్పకు. వారం తర్వాత ఏం మిగిలిందో చెప్పు.

ఇప్పుడు పని చెబుతాను. ఒక రెండు వందల పేజీల నోట్సు కొనుక్కో. నాలుగో పేపర్, అంటే తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం, అందులోంచి దాదాపు ఒకే బరువున్న రెండు భాగాలు తీసుకో. ఒకటి నీకు ఇష్టమైనట్టు వీడియోతో చదువు. రెండోది పుస్తకంతో చదివి, మూసి, తెల్లకాగితం మీద రాయి. రెండింటికీ ఒకే సమయం ఇవ్వు, ఇది ముఖ్యం. వారం పాటు ఆ రెండింటి జోలికీ వెళ్లకు. తర్వాత రెండింటికీ బిట్లు, అంటే సరైన జవాబు గుర్తించే చిన్న ప్రశ్నలు చెయ్యి, ఎన్ని ఒప్పయ్యాయో నోట్సులో వేసుకో. మరుసటి వారం వేరే రెండు భాగాలు తీసుకో. ఈసారి వీడియో చూశాక కూడా కాగితం మీద రాసి చూడు. అప్పుడు తేడా వీడియో వల్లా, రాయడం వల్లా అన్నది తేలుతుంది. ఒక్క వారంతో ఏదీ నమ్మకు, పాఠం తేలికదై ఉండొచ్చు, ఆ రోజు నీకు తలనొప్పి ఉండొచ్చు.

తెల్లకాగితం మీద రాయడమంటే తేదీల పట్టిక దింపడం కాదు. ఉదాహరణకి ముల్కీ నిబంధనలు, అంటే హైదరాబాద్ సంస్థానం నాటి నుంచి వచ్చిన స్థానికులకే ఉద్యోగాలన్న నియమాలు తీసుకో. 1972లో సుప్రీంకోర్టు అవి చెల్లుతాయని చెప్పింది. దాంతో ఆంధ్ర ప్రాంతంలో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. దాన్ని చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ఆ పథకం అమలుకి 32వ రాజ్యాంగ సవరణతో 371డి అధికరణ చేర్చారు. దాని కింద 1975లో ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇచ్చే రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వాటిని ఉల్లంఘించి చేసిన నియామకాలు సరిదిద్దడానికి 1985 డిసెంబరు 30న జీవో 610 ఇచ్చారు. ఒక్కొక్కటీ ముందుదాని కడుపున పుట్టింది. నువ్వు రాసేటప్పుడు జై ఆంధ్ర దాకా వచ్చి ఆగిపోయావనుకో, నీకు రానిది ఆ లింకే. పుస్తకం తెరిచి ఆ ఒక్కటే చూసుకో. చార్టు గీయాలనిపిస్తే అప్పుడు గియ్యి, రంగులు కూడా వెయ్యి, కానీ చూడకుండా గియ్యి. పక్కవాళ్ల చార్టు ఫోటో తీసుకుంటే నీ బుర్రలోకి ఏమీ రాదు.

మనిషికీ మనిషికీ తేడాలు లేవని మాత్రం అనను. ఉన్నాయి, అవి ఆ పరీక్షలో అడిగినవి కావు. అన్నిటికంటే పెద్ద తేడా ముందే నీకెంత తెలుసన్నది. నువ్వు బి.ఎస్సీ చదివావు కాబట్టి సైన్స్ అండ్ టెక్నాలజీ ఒకసారి చదివితే చాలు, పాలిటీకి మాత్రం మూడుసార్లు పడుతుంది. పక్క సీటు అమ్మాయి ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ అయితే ఆమెకి సరిగ్గా తిరగబడుతుంది. ఆమె టైంటేబుల్ నువ్వు కాపీ కొట్టకూడదు అనేది అందుకే. తర్వాత చూసుకోవాల్సింది ఏ వేళ నీ బుర్ర చురుగ్గా ఉంటుందన్నది. మీ అమ్మ నిన్ను నాలుగింటికి లేపి కూర్చోబెట్టేది, నువ్వు కునికిపాట్లు పడేదానివి. నువ్వు రాత్రిపూట చదివే మనిషివైతే రాత్రే చదువు, నిద్ర మాత్రం తగ్గించకు. పరీక్ష దగ్గరకొచ్చాక మటుకు మాక్ టెస్టులు పరీక్ష జరిగే వేళకే రాయాలి. ఒంటరిగా కూర్చుంటే సాగుతుందా, నలుగురిలో కూర్చుంటే సాగుతుందా అన్నది కూడా నోట్సులో రాసుకో. హాస్టల్ గదిలో నలుగురూ మాట్లాడుకుంటుంటే చదువు సాగకపోవడం నీ లోపం కాదు. పొద్దున్నే హైదరాబాద్‌లోని చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి కూర్చో.

తెలుగు మీడియం నుంచి వచ్చాననే బెంగ కూడా ఆ మెసేజ్‌లో కనిపించింది. పరీక్ష తెలుగులో రాయొచ్చు, నువ్వు ఆలోచించేదీ తెలుగులోనే. ఇంగ్లీషు వీడియో చూసినా తెల్లకాగితం మీద నీ మాటల్లో రాయి. అర్థం కానిచోట పెన్ను ఆగిపోతుంది, అదే నీకు కావలసిన సమాచారం.

ఒక పేపర్‌కి 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అలా నాలుగు పేపర్లు. అన్నింటికీ ఒకే పద్ధతి కుదరదు, నెల తర్వాత నీ నోట్సు చూస్తే నీకే తెలుస్తుంది. దసరాకి వచ్చేటప్పుడు ఆ నోట్సు తీసుకురా, ఒక పూట కూర్చుని చూద్దాం. ఎకానమీ లెక్కలు మాత్రం మీ బాబాయి దగ్గర చెప్పించుకో, బ్యాంకులో పనిచేసినవాడు, నాకంటే బాగా చెబుతాడు. నేను మాట్లాడి ఉంచాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ