కణం కనబడదు, లెక్కలో శిఖరం కనబడుతుంది

ప్రశ్న: ప్రోటాన్ కంటే బరువైన, పుట్టగానే విచ్ఛిన్నమయ్యే డెల్టా కణం ఆయుష్షు 5.6 × 10⁻²⁴ సెకన్లని చదివాను. అంత తక్కువ కాలాన్ని పరిక్షేపణ ప్రయోగంతో ఎలా కొలుస్తారు?
– బీఎస్సీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: కాలాన్ని నేరుగా కొలవరు, శక్తిని కొలుస్తారు. హైడ్రోజన్‌లోని ప్రోటాన్ల మీదికి ధనావేశ పయాన్లను (ప్రోటాన్ కంటే తేలికైన కణాలు) పంపుతూ, వాటి గతిజశక్తిని మెట్టుమెట్టుగా పెంచుతారు. 190 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (ఎంఈవీ) దగ్గర చెదిరే పయాన్ల సంఖ్య శిఖరానికి చేరి, ఆపైన దిగుతుంది. అక్కడ పయాన్, ప్రోటాన్ కలిసి క్షణకాలం డెల్టాగా మారడమే దీనికి కారణం. షికాగోలో ఫెర్మీ బృందం 1952లో చూసింది ఈ శిఖరం ఎక్కే వైపును. ద్రవ్యరాశి కేంద్రం నుంచి చూసిన మొత్తం శక్తిలోకి మార్చితే శిఖరం 1232 ఎంఈవీ దగ్గర ఉంటుంది, సగం ఎత్తులో వెడల్పు సుమారు 117 ఎంఈవీ. ఆయుష్షు ఎంత తక్కువైతే శిఖరం అంత వెడల్పుగా ఉంటుంది. తగ్గించిన ప్లాంక్ స్థిరాంకం 6.58 × 10⁻²² ఎంఈవీ-సెకన్లను ఆ వెడల్పుతో భాగించండి, మీరు చదివిన ఆయుష్షే వస్తుంది.

అసలు కష్టమంతా లెక్కపెట్టడంలోనే. 20 కెల్విన్ దగ్గర ద్రవ హైడ్రోజన్‌ను 10 సెం.మీ. పొడవున నింపితే, బీమ్‌కు ప్రతి చదరపు సెంటీమీటరులో 4.2 × 10²³ ప్రోటాన్లు అడ్డొస్తాయి. శిఖరం దగ్గర క్రాస్ సెక్షన్ (చెదిరే అవకాశాన్ని విస్తీర్ణంగా చెప్పే కొలత) సుమారు 200 మిల్లీబార్నులు, అంటే 2 × 10⁻²⁵ చ.సెం.మీ. రెండిటి గుణకారం 0.084. నూటికి 8 పయాన్లు దారి మళ్లుతాయన్నమాట. లక్ష్యానికి ముందూ వెనకా సింటిలేటర్లు (కణం తగిలితే మెరిసే పరికరాలు) పెట్టి ఈ తేడాను పట్టుకోవాలి. పాత్ర గోడలు కూడా పయాన్లను చెదరగొడతాయి కాబట్టి ఖాళీ పాత్రతో మళ్లీ కొలిచి ఆ భాగం తీసేయాలి. దారిలో పయాన్లు విచ్ఛిన్నమై పుట్టిన మ్యూయాన్లు దాదాపు చెదరకుండా దూసుకుపోతాయి; బీమ్‌లో అవి 10 శాతం ఉండి మీరు గుర్తించకపోతే క్రాస్ సెక్షన్ కూడా అంతే తగ్గి వస్తుంది. చిన్న కోణంలో చెదిరిన పయాన్ వెనక సింటిలేటర్‌కే తగిలి, చెదరనిదిగా నమోదవుతుంది. అందుకే వేర్వేరు వ్యాసాల సింటిలేటర్ బిళ్లలు వాడి, బిళ్ల ఆక్రమించే ఘనకోణం సున్నా అయితే ఎంత వచ్చేదో గ్రాఫ్ పొడిగించి చూస్తారు.

ప్రశ్న: గ్రాఫ్‌లో శిఖరం వస్తే కొత్త కణం దొరికినట్టేనా?
– భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కడప

జవాబు: కాదండీ. గ్రాఫ్‌లో శక్తిని గడులుగా విడగొడతారు; ఒక గడిలో నేపథ్యం (కొత్త కణం లేకున్నా వచ్చేవి) 400 ఘటనలైతే దాని సహజమైన ఊగిసలాట 20. ఆ ఊగిసలాటనే ఒక సిగ్మా అంటారు. అక్కడ 460 వచ్చినా 3 సిగ్మాలే. వంద గడులు వెతికితే అంత మిట్ట ఉత్తినే ఎక్కడో ఒకచోట రావడానికి పది శాతం పైనే అవకాశముంది. జపాన్‌లో 2003లో 1540 ఎంఈవీ దగ్గర థీటా ప్లస్ అనే ఐదు క్వార్కుల కణం కనిపించిందన్నారు. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో 2005లో ఎన్నో రెట్లు ఎక్కువ డేటాతో చూస్తే ఆ మిట్ట లేదు. 5 సిగ్మా పట్టుదల ఇందుకే. దానితోపాటు కోణాల పంపకం కూడా చూడాలి: డెల్టా శిఖరం దగ్గర అది కోణపు కొసైన్ వర్గానికి మూడు రెట్లు, దానికి ఒకటి కలిపినట్టుగా వస్తుంది. డెల్టా స్పిన్ (కణానికి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) 3/2 అని చెప్పేది ఆ ఆకారమే.

ప్రశ్న: యాక్సిలరేటర్ లేని మా కాలేజీలో ఏమైనా చేయగలమా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, కర్నూలు

జవాబు: తప్పకుండా. కణాల కొలతలను సేకరించే అంతర్జాతీయ బృందం పార్టికల్ డేటా గ్రూప్ క్రాస్ సెక్షన్ పట్టికలను ఉచితంగా ఇస్తోంది. ధన పయాన్–ప్రోటాన్ పట్టిక తీసుకోండి. అందులో ఉండేది బీమ్ ద్రవ్యవేగం. శిఖరం 300 ఎంఈవీ/సి దగ్గర పడుతుంది. దాన్నలాగే గీసి వెడల్పు కొలిస్తే తప్పొస్తుంది, ముందు మొత్తం శక్తిలోకి మార్చండి. తర్వాత రుణ పయాన్ పట్టికనూ అదే గ్రాఫ్‌లో గీయండి. శిఖరం అక్కడే వస్తుంది, ఎత్తు మాత్రం మూడోవంతు. డెల్టా ఐసోస్పిన్ (ఆవేశంలో మాత్రమే తేడా ఉన్న కణాలను ఒక కుటుంబంగా చూపే సంఖ్య) 3/2 అని తేల్చేది ఆ నిష్పత్తే.